మొక్క, మోతాదు, మేర

పిల్లలూ!

ఒకసారి మీ ఇంటి పెరట్లోకి గాని, బడికి వెళ్ళే దారి పక్కకు గాని పోయి చూడండి. తులసికోట పక్కన ఏదో పిచ్చిమొక్క మొలిచి ఉంటుంది. దాన్ని పిచ్చిమొక్క అని మనం అంటాం గాని, మూలికల వైద్యుడు అనడు. "అది నేల ఉసిరి" అంటాడు. గోడ వారన పెరిగి, గింజలతో మన బట్టలను పట్టుకునేది ఉత్తరేణి. కాలవ గట్టున తెల్లటి చిన్న పూలు పూసేది గుంటగలగర. కంచె మీదుగా వేపచెట్టు పైకి పాకినది తిప్పతీగ. మనకు ఒక్క పచ్చదనం కనిపించే చోట అతనికి ఇరవై పేర్లు కనిపిస్తాయి!

వెనకటి రోజుల్లో ఇటువంటి వైద్యులు చాలా ఊళ్ళలో ఉండేవారు. ఇప్పటికీ కొన్ని పల్లెల్లోనూ, మన్యంలోని గూడేలలోనూ ఉన్నారు. కొన్నిచోట్ల వాళ్ళను నాటువైద్యులంటారు, కొన్నిచోట్ల పసరువైద్యులంటారు. వీరిలో చాలామంది వైద్యం ఏ కళాశాలలోనూ చదవలేదు. తండ్రి దగ్గరో, మేనమామ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో చిన్నతనంలోనే చేరి, వెంట తిరిగి నేర్చుకున్నారు.

ఈ వైద్యాన్ని గురించి పెద్దవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడటం మీరు వినే ఉంటారు. "ఆకుపసరులో లేనిది ఏముంది? ఇంగ్లీషు మందులు ఎందుకు?" అంటారు కొందరు. "అదంతా ఉత్త మూఢనమ్మకం" అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. మంచి మూలికల వైద్యుడికి మూడు సంగతులు తెలిసి ఉండాలి. అవి మొక్క, మోతాదు, మేర. మూడూ తెలిసినవాడి చేతిలో ఆకు మందవుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా అదే ఆకు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇది ఎట్లాగో తెలుసుకోవటానికి, అటువంటి వైద్యుడొకరి వెంట మనం ఒక రోజంతా తిరుగుతున్నట్టు ఊహించుకుందాం. ఆయనను మనం "ఆకుల తాత" అందాం. ఆయన చంకలో గుడ్డసంచీ ఉన్నది, చేతిలో చిన్న కొడవలి ఉన్నది. తెల్లవారుతున్నది. ఇక బయలుదేరండి!

మొక్క

ఊరి బయట కంచెలో పొడుగాటి ఆకులు, తెల్లటి పూలు ఉన్న ఒక గుబురు మొక్క దగ్గర తాత ఆగుతాడు.

"తాతా, ఇదేమిటి?"

"అడ్డసరంరా అబ్బాయ్! దగ్గుకు దీని ఆకుతో కషాయం కాస్తారు. మా తాత కాచేవాడు, వాళ్ళ తాత కాచేవాడు."

తాతలు చెప్పినంత మాత్రాన శాస్త్రజ్ఞులు నమ్మరు గదా! వాళ్ళు అడ్డసరం ఆకును పరీక్షించి, అందులో వాసిసీన్ అనే పదార్థం ఉన్నట్టు కనిపెట్టారు. దాన్ని ఆధారం చేసుకుని, కొద్ది మార్పులతో బ్రోమ్‌హెక్సిన్ అనే మందును తయారుచేశారు. 1963 నుంచి అది అమ్మకంలో ఉన్నది. గొంతులో, ఊపిరితిత్తుల గొట్టాలలో పేరుకున్న కఫాన్ని అది పలచబరుస్తుంది. ఈసారి మీ ఇంట్లో దగ్గుమందు సీసా ఉంటే, దాని మీది చీటీని మీ నాన్నగారి చేత చదివించుకోండి. ఆ పేరు కనిపించినా కనిపించవచ్చు. అంటే కంచెలోని మొక్కకూ మందుల కొట్టులోని సీసాకూ చుట్టరికం ఉన్నదన్నమాట.

తాత ఆకు కోసే ముందు ఎంత జాగ్రత్తగా చూస్తున్నాడో గమనించారా? కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? అంచు నునుపుగా ఉన్నదా, రంపపు పళ్ళలాగా ఉన్నదా? తుంచితే పాలు కారుతున్నాయా? నలిపితే వాసన ఎట్లా ఉన్నది? పువ్వుకు రేకులెన్ని? ఇన్ని ప్రశ్నలకు జవాబు దొరికితేగాని ఆయన కొడవలి ఆడదు.

ఎందుకంటే, మొక్కల పేర్లు మనుషుల పేర్లలాంటివి. ఒక ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులు ఉన్నట్టే, ఒకే పేరుతో రెండు మొక్కలు ఉంటాయి. "బ్రాహ్మి" అని అడిగితే మన దేశంలో కొన్నిచోట్ల సరస్వతి ఆకు ఇస్తారు. మరికొన్నిచోట్ల చిత్తడి నేలలో పాకే, చిన్న చిన్న దళసరి ఆకుల మొక్కను ఇస్తారు. రెండూ వేరు వేరు కుటుంబాలవి! అలాగే ఒకే మొక్కకు జిల్లాకొక పేరు ఉండటమూ కద్దు. ఈ గందరగోళం పోవటానికే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో అచ్చయిన తన పుస్తకంలో ప్రతి మొక్కకూ రెండేసి మాటల పేరు పెట్టాడు. ఆ పేరుతో అడిగితే విజయవాడలో అయినా, జపానులో అయినా ఒకే మొక్క అని అర్థం.

పేరు ఒక్కటే కాదు, రూపు కూడా మోసం చేస్తుంది. పలావులో వేసే అనాసపువ్వు మీకు తెలుసు కదా! చక్కగా నక్షత్రంలాగా ఉంటుంది. మనం వాడేది చైనా దేశపు చెట్టు కాయ. జపాను దేశంలో దాని దాయాది చెట్టు ఒకటి ఉన్నది. దాని కాయలు ఎండిన తరువాత అచ్చం అనాసపువ్వులాగే ఉంటాయి. కాని అవి విషం! తింటే ఫిట్లు వస్తాయి. 2001లో నెదర్లాండ్స్ దేశంలో అనాసపువ్వు వేసిన మూలికల తేనీరు తాగి చాలామంది జబ్బుపడ్డారు. అందులో ఈ జపాను కాయలు కలిసినట్టు తరువాత బయటపడింది. చూశారా! మంచి మొక్కను గురించి ఎంత తెలిసినా చాలదు. దాన్ని పోలిన చెడ్డ మొక్కను గురించి కూడా తెలిసి ఉండాలి.

మోతాదు

ఎండెక్కింది. మనం తాతతో కూడా ఆయన ఇంటికి తిరిగి వచ్చాం. అరుగు మీద నల్లరాతి కల్వం ఉన్నది. పక్కన సన్నికల్లు, మట్టి మూకుడు, తేనె సీసా ఉన్నాయి. తాత ఒక ఆకును నూరి గుడ్డలో వేసి పిండుతున్నాడు. మరొక చెక్కను దంచి నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాడు. ఇంకొక వేరును నీడన ఎండబెట్టాడు.

"అన్నీ ఒకేలా చెయ్యకూడదా తాతా?"

"ఏది పసరు పిండాలో, ఏది కాచాలో, ఏది చూర్ణం చెయ్యాలో తెలియనివాడు వైద్యుడేమిటి నాయనా!"

ఇది చాదస్తం అనుకునేరు! చైనాలో జరిగిన ఒక కథ వినండి. 1969లో తూ యూయూ అనే ఆమెను మలేరియాకు కొత్త మందు కనిపెట్టమని అక్కడి ప్రభుత్వం నియమించింది. ఆమె, ఆమెతో పనిచేసేవాళ్ళు పాత వైద్యగ్రంథాలు తిరగవేసి, ఎన్నో మూలికలను పరీక్షించారు. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పని చేసేది, ఒకసారి చేసేది కాదు. కారణం తెలియలేదు. అప్పుడామె సుమారు 1,600 సంవత్సరాల కిందట కో హుంగ్ అనే వైద్యుడు రాసిన పుస్తకాన్ని మళ్ళీ చదివింది. అందులో ఆ మొక్కను కాచమని లేదు. నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసాన్ని తాగమని ఉన్నది. అంటే కషాయం కాదు, పసరు! కాచినందువల్లనే అందులోని గుణం పోతున్నదేమోనని ఆమెకు తోచింది. నీళ్ళకు బదులు 35 డిగ్రీలకే మరిగే ఈథరుతో సారం తీసింది. 1971లో ఆ సారం ఎలుకలలో మలేరియాను పూర్తిగా పోగొట్టింది. ఆ మందు రోగులకు ఇచ్చే ముందు, ప్రమాదమేమీ లేదని తెలుసుకోవటానికి ఆమె తానే మొదట మింగింది. దాని పేరు ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక కొలత సంగతి. దీనికి ఇంగ్లండులో జరిగిన మరొక కథ ఉన్నది.

1775లో విలియం విదరింగ్ అనే డాక్టరును ఒక రహస్యపు మందును గురించి అభిప్రాయం అడిగారు. ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోయే జబ్బుకు ష్రాప్‌షైర్ అనే ప్రాంతంలో ఒక ముసలమ్మ ఆ మందు ఇచ్చేది. పెద్ద పెద్ద డాక్టర్లు పెదవి విరిచిన రోగులు కొందరు ఆమె మందుతో లేచి తిరిగారు. మరొక డాక్టరయితే, "ఎవరో పల్లెటూరి ముసలమ్మ" అని నవ్వి ఊరుకునేవాడు. విదరింగ్ అట్లా చెయ్యలేదు. ఆమె మందులో ఇరవై రకాల దాకా ఆకులు కలిసి ఉండేవి. వృక్షశాస్త్రం బాగా తెలిసినవాడు గనక, వాటిలో అసలు పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకేనని ఆయన గ్రహించాడు. దాని పూలు చేతివేళ్ళకు తొడిగే తొడుగుల్లా ఉంటాయి.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఆ ఆకు పచ్చి విషం! కొంచెం ఎక్కువైతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వస్తువులు ఆకుపచ్చగానో, పసుపుగానో కనిపిస్తాయి. నాడి నిమిషానికి 35 సార్లకు పడిపోతుంది. ఆ తరువాత గుండె ఆగిపోవచ్చు.

విదరింగ్ పది సంవత్సరాలు ఓపికగా పనిచేశాడు. ఒక్కొక్క కాలంలో కోసిన ఆకులో ఒక్కొక్క బలం ఉంటున్నదని గమనించి, మొక్క పూతకు వచ్చినప్పుడే ఆకు కోయించాడు. దాన్ని ఎండబెట్టి పొడి చేయించాడు. చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఏ గుర్తు కనిపిస్తే మందు ఆపాలో రాసుకున్నాడు. 1785లో, నూటయాభైమందికి పైగా రోగుల వివరాలతో ఒక పుస్తకం ప్రకటించాడు. బాగుపడినవాళ్ళను గురించే కాక, బాగుపడనివాళ్ళను గురించి కూడా దాచకుండా రాశాడు. ఆ పుస్తకం గొప్పతనమంతా ఆ నిజాయితీలోనే ఉన్నది.

ఆ మొక్క జాతిలోనిదే మరొక మొక్క నుంచి 1930లో డిగాక్సిన్ అనే మందు తీశారు. ఇప్పటికీ కొన్ని గుండెజబ్బులకు డాక్టర్లు దాన్ని ఇస్తున్నారు. మామూలుగా ఇచ్చే మాత్రలో ఆ మందు ఎంత ఉంటుందో తెలుసా? మిల్లీగ్రాములో నాలుగో వంతు! అంటే ఒక్క గ్రాము మందుతో 4,000 మాత్రలు తయారవుతాయి. ఇంత సూక్ష్మమైన కొలతను చిటికెడుతోనూ గుప్పెడుతోనూ ఎట్లా కొలవగలం? మొక్కలోని సారాన్ని విడదీసి, తూచి మాత్రలు చెయ్యటం అందుకే అవసరమయింది.

ఒక్క విచారం మాత్రం మిగిలింది. విదరింగ్ పేరు వైద్యులందరికీ తెలుసు. ఆ ముసలమ్మ పేరును ఆయన తన పుస్తకంలో రాయనే లేదు!

పిల్లలూ, ఫాక్స్‌గ్లోవ్ మన ఊళ్ళలో లేదు కదా అనుకోకండి. గుళ్ళో పూజకు కోసే గన్నేరులోనూ, పచ్చగన్నేరులోనూ గుండెను ఆపగల అటువంటి విషమే ఉన్నది. ఉమ్మెత్త కాయ, గురివింద గింజ కూడా ప్రమాదమైనవే. ఆడుకునేటప్పుడు వీటిని నోట్లో పెట్టుకోకండి. తమ్ముళ్ళనూ, చెల్లెళ్ళనూ పెట్టుకోనివ్వకండి.

"విషపు మొక్కల సంగతి సరే. మంచి మొక్కయితే ఎంత తిన్నా పరవాలేదు కదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. తిప్పతీగ సంగతి చూడండి. కరోనా రోజుల్లో ఎంతోమంది దాని కషాయాన్ని నెలల తరబడి తాగారు. వాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో బొంబాయి డాక్టర్లు రాశారు. "వాళ్ళు వాడినది తిప్పతీగేనా, దాన్ని పోలిన మరొక తీగా?" అని ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రశ్నించింది. అది అడగవలసిన ప్రశ్నే. తరువాత ఇంకా ఎక్కువ ఆస్పత్రులలో పరిశీలన జరిగింది. అసలు తిప్పతీగ వాడినవాళ్ళలోనూ కొందరికి హాని కలిగిందని తేలింది. కనక మంచి మూలికకు కూడా మోతాదు ఉన్నది, గడువు ఉన్నది, పడనివాళ్ళూ ఉన్నారు.

మేర

మేర అంటే హద్దు. మూలికల వైద్యుడికి రెండు హద్దులు తెలిసి ఉండాలి.

మొదటిది చెట్టు దగ్గరి హద్దు. పొద్దు వాలే వేళ తాత మనలను తెల్లమద్ది చెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. దాని బెరడు కావాలి. ఒక్క పక్కన మాత్రం, అరచేతి వెడల్పున ఒలిచి, "చాలు" అన్నాడు. ఆకులు తయారుచేసిన ఆహారం లోపలి బెరడు గుండానే వేళ్ళకు దిగుతుంది. చుట్టూ ఒలిచేస్తే ఆ దారి తెగిపోయి, చెట్టు ఎండిపోతుంది. వేరు కావలసిన మూలికలతో ఇంకా కష్టం. వేరు తవ్వితే మొక్కే ఉండదు!

సర్పగంధకు పట్టిన గతి అదే. నిద్రపట్టనివాళ్ళకూ, మతి చలించినవాళ్ళకూ దాని వేరును మన దేశంలో ఎంతోకాలం నుంచి ఇచ్చేవారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ అది రక్తపు పోటును తగ్గిస్తుందని ఒక ఇంగ్లీషు వైద్య పత్రికలో రాశాడు. 1952లో దాని వేరు నుంచి రిసర్పిన్ అనే మందు తీశారు. దేశదేశాల నుంచీ ఆ వేరు కోసం ఎగబడ్డారు. అడవులలో తవ్వగా తవ్వగా మొక్క అరుదైపోయింది. దాని ఎగుమతిపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది.

రెండవది మందు హద్దు. ఇది అన్నిటికన్న కష్టమైనది. "నా మందు ఇంతవరకే పనిచేస్తుంది" అని ఒప్పుకోవటానికి చాలా ధైర్యం కావాలి.

తాత ఇంటికి చేరేసరికి చీకటి పడింది. దీపం పెట్టారో లేదో, వీధిలో ఏడుపు వినిపించింది. ఒకామె పదేళ్ళ కొడుకును భుజాన వేసుకుని పరుగెత్తుకు వచ్చింది.

"బాబాయ్! చేలో పాము కరిచింది! పసరు వెయ్యి బాబాయ్!"

మనమంతా తాత సంచీ వంక చూశాం. తాత సంచీ ముట్టుకోలేదు.

"అమ్మా, దీనికి నా దగ్గర మందు లేదు. పిల్లవాణ్ణి నడిపించకండి, కదలనివ్వకండి. ఒరే, 108కి ఫోను చెయ్యి! గాయం కొయ్యకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించి కట్టకండి. పద, నేనూ వస్తాను."

కాలు కదలకుండా ఒక బద్దను పక్కన పెట్టి వదులుగా కట్టి, బండి రాగానే తాత కూడా ఎక్కాడు. మూడవనాడు పిల్లవాడు ఇంటికి వచ్చాడు. అప్పుడు మనం తాతను అడిగాం:

"మీ నాన్నగారు పాముకాటుకు పసరు వేసేవారట గదా తాతా?"

తాత కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లా అన్నాడు:

"వేసేవాడు నాయనా. పదిమంది బతికారు. ఊరంతా మా నాన్నను దేవుడన్నారు. పదకొండవది మా మేనత్త. ఆమె బతకలేదు. ఆ పదిమందినీ కరిచినవి విషం లేని పాములేనేమోనని నాకు చాలా ఏళ్ళకు గాని తోచలేదు."

తాత మాట నిజం. మన దేశంలో ఉన్న పాములలో ఎక్కువ భాగం విషం లేనివి. విషం ఉన్న పాము కూడా ఒక్కొక్కసారి కోరలు దించుతుందే గాని, విషం వదలదు. అటువంటప్పుడు ఏ ఆకు వేసినా మనిషి బతుకుతాడు. పేరు ఆకుకు వస్తుంది. కాని నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషం దించినప్పుడు విరుగుడు సూదిమందు ఒక్కటే కాపాడుతుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని శాస్త్రజ్ఞుల అంచనా. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. పాముకాటు చావులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో మన తెలుగు నేల కూడా ఉన్నది. ఆస్పత్రికి పోకుండా మంత్రమనీ, పసరనీ గడిపిన గంటలు ఇందులో ఎన్ని ప్రాణాలు తీశాయో!

ఆ విరుగుడు ఎట్లా చేస్తారో తెలుసా? పాము విషాన్ని అతి కొద్దిగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని నెత్తురులో విషాన్ని ఎదిరించే పదార్థాలు పుడతాయి. వాటిని వేరుచేసి మందు చేస్తారు. మరి విషం తెచ్చేదెవరు? మద్రాసు దగ్గర ఇరుళ జాతివాళ్ళకు 1978 నుంచి ఒక సహకార సంఘం ఉన్నది. పాములను పట్టటం వారికి తరతరాల విద్య. పూర్వం తోళ్ళ కోసం పట్టేవారు. ఇప్పుడు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ జాతివారైన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ బిరుదు ఇచ్చారు. పాత విద్య కొత్త వైద్యానికి ఎట్లా తోడ్పడుతున్నదో చూశారా!

పచ్చకామెర్ల సంగతీ ఇటువంటిదే. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాలలో వాటంతటవే తగ్గుతాయి. ఆ లోపల పసరు తాగినవాళ్ళు పసరు వల్లనే తగ్గిందనుకుంటారు. కాని కామెర్లు చాలా రకాలు. కొన్ని రకాలు కాలేయాన్ని పాడుచేస్తాయి. గర్భిణీ స్త్రీలకు కొన్ని ప్రాణాంతకం. కళ్ళు పచ్చబడినప్పుడు మొదట రక్తపరీక్ష చేయించాలి. కళ్ళలో పసరు పిండటం, ఒంటి మీద వాతలు పెట్టటం మటుకు ఎన్నడూ చెయ్యరాదు.

మరి పసరు పనిచేసిందో, జబ్బే తగ్గిందో తెలుసుకునేదెట్లా? దానికి ఒక ఉపాయం ఉన్నది. రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు మందులాగే కనిపించే ఉత్త పొడి ఇచ్చి చూడాలి. 1988లో మద్రాసు శాస్త్రజ్ఞులు నేల ఉసిరితో ఇట్లాగే చేశారు. హెపటైటిస్ బి అనే కామెర్ల క్రిమి ఒంట్లో ఉన్న 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే, 22 మంది రక్తంలో ఆ క్రిమి గుర్తు మాయమయింది. ఉత్త పొడి తిన్న 23 మందిలో ఒక్కరికే అట్లా జరిగింది. అందరూ సంతోషించారు. కాని తరువాత వేరే చోట్ల పరీక్షిస్తే అంతటి ఫలితం కనిపించలేదు. శాస్త్రంలో ఒక్కసారి గెలిస్తే చాలదు. ఎవరు చేసినా, ఎక్కడ చేసినా గెలవాలి.

మీ పుస్తకం

ఇదంతా విన్న తరువాత మీరేమి చేయవచ్చు? ఒక తెల్లకాగితాల పుస్తకం కుట్టుకోండి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, ఒక్కొక్క మొక్క నుంచి ఒక్కొక్క ఆకు, వీలైతే పువ్వు తెచ్చి, పాత పత్రికల మధ్య బరువు కింద పెట్టండి. వారం పది రోజులకు ఎండుతుంది. దాన్ని పుస్తకంలో అంటించి, పక్కన ఇవి రాయండి: మీ ఊళ్ళో దాని పేరు, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, దాన్ని దేనికి వాడతారు, ఆ సంగతి ఎవరు చెప్పారు. రుచి మాత్రం చూడకండి! మొక్కలను ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి.

"ఎవరు చెప్పారు" అన్నది మరిచిపోకండి. మీ నాయనమ్మ చెబితే నాయనమ్మ పేరు రాయండి. మీ ఊరి వైద్యుడు చెబితే ఆయన పేరు రాయండి. ష్రాప్‌షైర్ ముసలమ్మకు జరిగినట్టు వాళ్ళకు జరగకూడదు.

రాసి ఉంచటం వల్ల లాభమేమిటంటారా? 1995లో అమెరికాలో, గాయాలకు పసుపు వాడటం తాము కనిపెట్టినట్టు కొందరు హక్కుపత్రం సంపాదించారు. మన ఇళ్ళలో మోకాలు చెక్కుకుపోతే అమ్మ ఏమి అద్దుతుందో మనకు తెలియదూ? అయినా, "మా అమ్మకు తెలుసు" అంటే అక్కడ చెల్లదు. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత పుస్తకాలు, పత్రికలు వెతికి రుజువులు చూపించింది. 1997లో ఆ హక్కును రద్దు చేశారు. రాసి ఉన్నది గనక గెలిచాం.

ఆకుల తాతలాంటివాళ్ళకు తెలిసినది చాలావరకు వాళ్ళ తలలోనే ఉన్నది. వాళ్ళ పిల్లలు ఉద్యోగాలకు పట్నం పోతున్నారు. అడిగి రాసుకునేవాళ్ళు లేకపోతే, అందులోని నిజమూ పోతుంది, పొరపాటూ పోతుంది. రాసి ఉంటే, నిజమేదో, పొరపాటేదో రేపు ఎవరైనా పరీక్షించి తేల్చగలరు. ఆ తేల్చేవాళ్ళు మీరే ఎందుకు కాకూడదు?

ఈ ఆదివారం మొదటి ఆకు అంటించండి. దాని పక్కన మొదటి పేరు రాయండి.